ఆక్టేవియా ఆర్ఎస్‌ని కిందికి దించడం: అందానికి ఒక లెక్క, ట్రాక్‌కి ఇంకో లెక్క

"కారు దించాలి" అని షెడ్‌కి వచ్చేవాళ్లలో రెండు రకాలు ఉంటారు. టైరుకీ ఫెండర్‌కీ మధ్య సందు కంట్లో నలుసులా ఉందనేవాళ్లు మొదటి రకం. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద మలుపులో ముక్కు బయటికి జారిపోతోందనేవాళ్లు రెండో రకం. అడిగే మాట ఒకటే అయినా చెయ్యాల్సిన పని ఒకటి కాదు. అందం కోసమైతే ఎంత ఎత్తు కావాలో ముందే అనుకుని మిగతావన్నీ దానికి తగ్గట్టు సర్దుకుంటాం. ట్రాక్ కోసమైతే స్ప్రింగు, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం), షాకబ్జార్బర్ ప్రయాణం (అది కదలగల దూరం) ముందు తేల్చుకోవాలి, ఎత్తు వాటి వెనకాల వచ్చి నిలబడుతుంది. చాలామంది మొదటి పద్ధతిలో కొని రెండో పనికి వాడబోతారు, అక్కడే డబ్బులు దండగ.

ఇక్కడ చెప్పేదంతా మన దగ్గర 2017లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230, 2020లో 200 కార్లే వచ్చిన ఆర్ఎస్ 245 గురించి. పుస్తకం ప్రకారం అది లిఫ్ట్‌బ్యాక్, కానీ మనవాళ్లంతా సెడాన్ అనే అంటారు, మనమూ అలాగే అందాం. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒకే కడ్డీగా కలిసినది. వెనక మల్టీలింక్, అంటే ఒక్కో చక్రాన్ని విడిగా పట్టుకునే కొన్ని ఆర్మ్‌లు. వెనక స్ప్రింగు ఒకచోట, షాకబ్జార్బర్ ఇంకోచోట. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లు పంచుకునే ఇదే ఎమ్‌క్యూబీ ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన ఏడో తరం గోల్ఫ్ జీటీఐకి కూడా పని తీరు ఇంచుమించు ఇదే.

ముందు కొలతలు, తర్వాతే కొనుగోళ్లు

టైర్లలో గాలి సరిచూసి, సమంగా ఉన్న నేల మీద కారు పెట్టండి. సగం ట్యాంకు పెట్రోలు, డిక్కీ ఖాళీ. హ్యాండ్ బ్రేక్ వదిలేసి కారుని రెండు అడుగులు ముందుకీ వెనక్కీ తోయండి, లేకపోతే సస్పెన్షన్ బిగుసుకుని ఉండి కొలత తప్పు వస్తుంది. చక్రం మధ్యలోని క్యాప్ నడిబొడ్డు నుంచి నిలువుగా ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవొద్దు. టైరు అరిగినా, గాలి తగ్గినా ఆ అంకె మారిపోతుంది. హబ్ నుంచి కొలిచినది మారదు. కుడి ఎడమల మధ్య 5 మి.మీ. దాకా తేడా ఉంటే మామూలే. 10 దాటితే ఏ స్ప్రింగో విరిగిందేమో చూసుకుని ముందుకు వెళ్లండి.

తర్వాత మీ ఇంటి సెల్లార్ ర్యాంపు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కారుని ఆపేది రోడ్డు కాదు, ఈ ర్యాంపే. ఆరు అడుగుల పొడవుకి ఒక అడుగు లేచే ర్యాంపు అంటే సుమారు 9.5 డిగ్రీల వాలు. ఆక్టేవియా వీల్‌బేస్ ఇంచుమించు 2,680 మి.మీ. కారు మధ్యలో కింద 135 మి.మీ. ఖాళీ ఉంటే దాదాపు 11.5 డిగ్రీల గూనుని దాటేస్తుంది. అదే ఖాళీ 110కి వస్తే దాటగలిగేది 9.4 డిగ్రీలు. అంటే 25 మి.మీ. దించగానే ర్యాంపు పైఅంచు దగ్గర సైలెన్సర్ పైపో, తలుపుల కింది అంచో గీసుకోవడం మొదలవుతుంది. వెనక సీట్లో ఇద్దరు కూర్చుంటే ఇంకా కిందికి. కాబట్టి కారు కింద అన్నిటికన్నా కిందున్న భాగం ఎంత ఎత్తులో ఉందో కొలవండి, ర్యాంపు వాలు కొలవండి. ఫోన్‌లో ఉండే లెవెల్ చాలు. ఎంత దించొచ్చో దీంతోనే సగం తేలిపోతుంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు తెలిసిందే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. ఆ కొలతకి కట్టినదైతే దించిన కారు కూడా నింపాదిగా దాటుతుంది. కాలనీవాళ్లు మిగిలిన సిమెంటుతో రాత్రికి రాత్రి పోసిన దిమ్మకి ఏ కొలతా ఉండదు.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నం అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ(4) కింద అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సర్వేయర్ చూసే మొదటి చోట్లలో స్ప్రింగులు ఒకటి. రోడ్డు మీద తిరిగే కారైతే పాత స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, బోల్టులతో సహా చీటీ కట్టి అటక మీద దాచండి. అమ్మేటప్పుడు కూడా అవే అక్కరకొస్తాయి.

దించితే లోపల ఏం మారుతుంది

కారు తక్కువ ఎత్తులో ఉంటే మలుపులో బాగా పట్టుకుంటుందనేది సగం నిజం. బరువు కిందికి వచ్చిన మాట వాస్తవమే. కానీ మెక్‌ఫర్సన్ కారులో రోల్ సెంటర్ (కారు పక్కకి ఒరిగేటప్పుడు తిరిగే ఊహా బిందువు) అంతకన్నా వేగంగా కిందికి పోతుంది. బరువు కేంద్రం 30 మి.మీ. దిగితే రోల్ సెంటర్ దానికి రెట్టింపు దాకా దిగొచ్చు. ఆ రెండిటి మధ్య దూరమే కారుని పక్కకి వాల్చే మీట పొడవు. మీట పెరిగింది కాబట్టి, స్ప్రింగు గట్టిపడకపోతే దించిన కారు మునుపటికన్నా ఎక్కువ ఒరుగుతుంది. చూడటానికి రేసు కారు, మలుపులో పడవ.

కారు కిందికి వంగి ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే చెయ్యి) చూడండి. బయటి చివర బాల్ జాయింట్, లోపలి చివర బుష్ (రబ్బరు కీలు). బాల్ జాయింట్ బుష్ కన్నా కిందుండాలి, కనీసం సమంగా ఉండాలి. ఆర్మ్ బయటికి వెళ్లేకొద్దీ పైకి లేస్తోందంటే ఎక్కువ దించేశారన్నమాట. అప్పట్నుంచి మలుపులో చక్రం పైకి వెళ్లినకొద్దీ నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) పెరగాల్సింది పోయి తగ్గుతుంది. టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) తిరిగే చాపం కూడా ఆర్మ్‌తో కలవదు, దాంతో గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తాను కాస్త తిరుగుతుంది (దీన్నే బంప్ స్టీర్ అంటారు). వంద మీద వెళ్తూ బ్రేకు కొడితే స్టీరింగ్ అటూ ఇటూ లాగేది ఇందుకే.

ఇక ప్రయాణం. కారు నిలబడి ఉన్న ఎత్తు నుంచి చక్రం పూర్తిగా పైకి వెళ్లే దాకా 80 మి.మీ. ఉందనుకుందాం. అందులో బంప్ స్టాపర్ (చివర అడ్డుపడే రబ్బరు ముద్ద) అరిగించుకునేది 30. మిగిలింది 50. కారుని 40 దించారు, చేతిలో ఉన్నది 10 మి.మీ. ఆ తర్వాత మీరు నడుపుతున్నది స్ప్రింగు మీద కాదు, రబ్బరు ముద్ద మీద. ఆ ముద్ద తాకిన క్షణంలో ఆ చక్రం దగ్గర గట్టితనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ముందు తాకితే ముక్కు బయటికి పోతుంది. వెనక తాకితే తోక విసురుతుంది, అదీ మలుపు మధ్యలో.

అందం కోసమైతే

25 నుంచి 30 మి.మీ. దగ్గర ఆగండి. 18 అంగుళాల చక్రాలు, 225/40 టైర్లు ఉంటే ఆ మాత్రానికే సందు రెండు వేళ్లకి వస్తుంది. అంతకన్నా కిందికి దించితే ఫొటోలో బాగుంటుంది, సెల్లార్‌లో కాదు.

తేలిక దారి ప్రోగ్రెసివ్ లోయరింగ్ స్ప్రింగులు (నొక్కేకొద్దీ గట్టిపడే పొట్టి స్ప్రింగులు): ఐబాక్ ప్రో-కిట్, హెచ్ అండ్ ఆర్ లాంటివి. షాకబ్జార్బర్లు 40,000 కిలోమీటర్ల లోపువైతే కొన్నాళ్లు వాటితోనే నెట్టుకురావొచ్చు. అంతకు మించి తిరిగి ఉంటే స్ప్రింగులతో పాటే పొట్టి రాడ్ ఉన్న షాకబ్జార్బర్లు వెయ్యండి. దించిన కార్ల కోసమే చేసే బిల్‌స్టీన్ బీ8 దీనికి సరిగ్గా సరిపోతుంది. పాత షాకబ్జార్బర్ మీద కొత్త గట్టి స్ప్రింగు వేస్తే కారు గతుకు తర్వాత రెండు మూడుసార్లు ఊగుతుంది. జనం స్ప్రింగుని తిడతారు, పాపం తప్పు షాకబ్జార్బర్‌ది.

ఎత్తు చేత్తో మార్చుకోవాలంటే కాయిలోవర్ (మర తిప్పి ఎత్తు మార్చే స్ప్రింగు, షాకబ్జార్బర్ జత). అందం కోసం కొనేటప్పుడు డ్యాంపింగ్ (ఊగుడుని అణిచే బలం) మార్చే నాబ్‌లకి డబ్బు పెట్టక్కర్లేదు, బిల్‌స్టీన్ బీ14 లాంటి ఎత్తు మాత్రమే మారే రకం చాలు. ఆర్డర్ పెట్టే ముందు ఒక్క కొలత తప్పనిసరి: ముందు స్ట్రట్ నకిల్‌లో (చక్రం హబ్‌ని మోసే లోహపు భాగం) దూరే చోట వ్యాసం. ఎమ్‌క్యూబీ కార్లలో 50 మి.మీ., 55 మి.మీ. అని రెండు రకాలు ఉన్నాయి. వెర్నియర్ పెట్టి కొలిచాకే కొనండి. కిట్ వెనక భాగం మల్టీలింక్‌దా, టార్షన్ బీమ్‌దా (వెనక రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం) అన్నదీ చూసుకోండి.

స్ప్రింగు చుట్టు కోసేసి దించడం, గ్యాస్‌తో కాల్చి కుంగదీయడం ఇప్పటికీ చేసేవాళ్లు ఉన్నారు. కోసిన చివర సీటులో కూర్చోదు. చక్రం గుంతలో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి జరుగుతుంది, తిరిగి పడేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది. కాల్చిన ఉక్కు పదును పోయి నెలనెలా ఇంకాస్త కుంగుతూనే ఉంటుంది. ఈ పనికి ఖర్చు తక్కువే, ఎందుకంటే అసలు ఖర్చు తర్వాత వస్తుంది.

చక్రం ఫెండర్ లోపలికి ఉన్నట్టు అనిపిస్తే స్పేసర్లు (హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే పళ్లేలు). హబ్‌సెంట్రిక్ (హబ్ మీద సరిగ్గా కూర్చునేవి) మాత్రమే తీసుకోండి: మధ్య రంధ్రం 57.1 మి.మీ., 5×112 (112 మి.మీ. వృత్తం మీద ఐదు బోల్టులు). స్పేసర్ ఎంత మందమో బోల్టు అంత పొడవు పెరగాలి. కంపెనీ చక్రాలకి ఎమ్14×1.5 మర, గుండ్రటి సీటు ఉన్నవే కావాలి. వాటికి కోను సీటు బోల్టు వేస్తే బిగుసుకున్నట్టే కనిపిస్తుంది, తర్వాత వదులవుతుంది.

ట్రాక్ కోసమైతే

డబ్బు ఖర్చు పెట్టే వరస చెప్తే కొందరికి నచ్చదు: బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, టైర్లు, ఆ తర్వాత ముందు క్యాంబర్, అప్పుడు స్ప్రింగులు. ముందు చక్రాలే లాగి, ముందు చక్రాలే తిరిగే ఈ కారులో ఎత్తు తగ్గిస్తే వచ్చే లాభం కన్నా క్యాంబర్ పెంచితే వచ్చేది ఎన్నో రెట్లు. కంపెనీ క్యాంబర్‌తో ట్రాక్ మీద అరగంట తిప్పితే ముందు టైరు బయటి భుజం ఈకలు లేచినట్టు అరిగిపోతుంది, లోపలి సగం కొత్తదిలా మిగులుతుంది.

స్ప్రింగు ఎంపిక కిలోల లెక్కన కాకుండా ఊగే వేగం లెక్కన చెయ్యండి. ముందు ఒక్కో చక్రం మీద స్ప్రింగు మోసే బరువు 400 కిలోలు అనుకుందాం. చక్రం దగ్గర గట్టితనం మి.మీ.కి 26 న్యూటన్లైతే కారు సెకనుకి 1.3 సార్లు ఊగుతుంది. రోడ్డు కారు లక్షణం ఇది. 55కి పెంచితే 1.9 సార్లు. మామూలు ట్రాక్‌డే టైర్లకి 1.8 నుంచి 2.1 మధ్య సరిపోతుంది. అంతకు మించితే కర్బు (ట్రాక్ అంచు గట్టు) ఎక్కినప్పుడు టైరు నేల వదిలేస్తుంది.

ముందు స్ట్రట్‌లో స్ప్రింగు, చక్రం దాదాపు సమానంగా కదులుతాయి, కాబట్టి 55 కావాలంటే 60 స్ప్రింగు. వెనక అలా కాదు. స్ప్రింగు ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది. చక్రం 10 మి.మీ. కదిలితే స్ప్రింగు ఆరో, ఆరున్నరో కదులుతుంది. గట్టితనం లెక్కలో ఈ నిష్పత్తిని రెండుసార్లు గుణించాలి: 0.65 × 0.65 అంటే 0.42. వెనక 270 కిలోలు సెకనుకి రెండుసార్లు ఊగాలంటే చక్రం దగ్గర 43 కావాలి, స్ప్రింగు మీద దాదాపు 100. కిట్ డబ్బా మీద ముందు 60, వెనక 100 అని చూసి కంగారు పడొద్దు. వెనక నిజంగా రెట్టింపు గట్టిగా ఏమీ లేదు.

ఇదే నిష్పత్తి ఎత్తుకీ వర్తిస్తుంది. వెనక అడ్జస్టర్‌ని 10 మి.మీ. తిప్పితే కారు సుమారు 15 మి.మీ. దిగుతుంది. ముందులాగే తిప్పేసి, తోక కూలబడిందని తల పట్టుకునేవాళ్లు ప్రతి షెడ్‌లో ఉంటారు.

ఎత్తు ఇప్పుడు. గట్టి స్ప్రింగు వేశాక కంపెనీ ఎత్తు నుంచి 15–25 మి.మీ. దిగువన ఆగితే లోయర్ ఆర్మ్ దాదాపు సమంగా ఉంటుంది. అక్కడ ఆపండి. ఇంకా దించాల్సిందే అనుకుంటే పొడుగు పిన్ను ఉన్న బాల్ జాయింట్లు, వాటికి జతగా మార్చిన టై రాడ్ ఎండ్‌లు వెయ్యాలి. ఒకటి వేసి ఇంకోటి వదిలేస్తే బంప్ స్టీర్ మునుపటికన్నా ఘోరం.

ప్రయాణం సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి నాలుగు రూపాయల పని ఒకటి ఉంది. షాకబ్జార్బర్ రాడ్ చుట్టూ సన్నటి జిప్ టై కట్టి, సీలు దాకా కిందికి తోసి వదలండి. రెండు మూడు ల్యాపులు తిప్పి వచ్చి చూడండి. చక్రం ఎంత పైకి వెళ్లిందో జిప్ టై రాడ్ మీద అంత పైన ఆగి ఉంటుంది. అది బంప్ స్టాపర్ చివరని ముట్టీ ముట్టనట్టు ఉంటే బాగున్నట్టు. స్టాపర్‌లోకి నొక్కుకుపోయి నలిగి ఉంటే ఎత్తు 5 మి.మీ. పెంచండి, లేదా గట్టి స్ప్రింగు వెయ్యండి. తలకిందులుగా బిగించే ఇన్వర్టెడ్ రకాల్లో స్టాపర్ లోపల ఉంటుంది కాబట్టి ఈ చిట్కా పారదు.

డ్యాంపింగ్ క్లిక్కులు పూర్తి గట్టి నుంచి లెక్కపెట్టండి. మధ్యలో మొదలుపెట్టి ఒకసారి ఒకవైపు రెండు క్లిక్కులే మార్చండి, పుస్తకంలో రాయండి. గతుకు మీద కారు గెంతుతుంటే కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి డ్యాంపింగ్) ఎక్కువైంది. వరసగా గతుకులు వచ్చినప్పుడు కారు మెట్టుమెట్టుగా కిందికి కుంగుతూ పోతుంటే రీబౌండ్ (సాగేటప్పటి డ్యాంపింగ్) ఎక్కువైంది, స్ప్రింగు తిరిగి సాగేందుకు వ్యవధి దొరకట్లేదు.

బిగించే పని: ముందు వైపు

కావాల్సినవి: రెండు టన్నుల జాకీ, నాలుగు స్టాండ్లు, డిగ్రీ గేజీతో టార్క్ రెంచి, స్ప్రింగ్ కంప్రెసర్, పన్నెండు పళ్ల స్ప్లైన్ బిట్లు, నకిల్ వెడల్పు చెయ్యడానికి 5.5×8 మి.మీ. బిట్. టార్క్ తర్వాత డిగ్రీల్లో తిప్పి బిగించే బోల్టులన్నీ ఒకసారికే. సాగి బిగుసుకునే రకం అవి, మళ్లీ వాడితే పట్టు ఉండదు. ముందే కొత్తవి తెప్పించండి. స్ట్రట్ టాప్ మౌంటింగులు, బేరింగులు కూడా కొత్తవే. ఇప్పుడు వెయ్యకపోతే వాటి కోసం మళ్లీ ఇదంతా విప్పాలి.

1. చక్రం బోల్టులు నేల మీదే వదులు చేసి, కారుని లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు.

2. స్ట్రట్ పైబోల్టులు వైపర్ల కింద ఉన్న ప్లాస్టిక్ కవర్ లోపల ఉంటాయి. వైపర్ బ్లేడు అద్దం మీద ఎక్కడ ఆగిందో టేపు ముక్క అంటించి, అప్పుడు విప్పండి. లేకపోతే తిరిగి బిగించాక వైపర్ వెళ్లి పక్క పిల్లర్‌ని కొడుతుంది.

3. బ్రేక్ హోసు, ఏబీఎస్ తీగ క్లిప్పులు స్ట్రట్ నుంచి తప్పించండి. లింక్ రాడ్ (కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్‌ని స్ట్రట్‌కి కలిపే కడ్డీ) నట్టు విప్పేటప్పుడు పిన్ను తిరగకుండా బిట్‌తో పట్టుకోండి, ఊరికే ఇంపాక్ట్ గన్ పెడితే లోపలి బాల్ పాడవుతుంది.

4. నకిల్ పించ్ బోల్టు (స్ట్రట్‌ని నొక్కి పట్టే బోల్టు) తీసి, చీలికలో ఆ 5.5×8 బిట్ పెట్టి 90 డిగ్రీలు తిప్పండి. చీలిక తెరుచుకుంటుంది. నకిల్‌ని కిందికి దించేటప్పుడు యాక్సిల్ మీద ఒక కన్నుండాలి. బయటికి మరీ లాగితే లోపలి జాయింటు విడిపోతుంది. దిగకపోతే సుత్తి తీయకండి, ఆర్మ్ చివరున్న బాల్ జాయింట్ నట్లు మూడూ విప్పితే చోటు దొరుకుతుంది. విప్పే ముందు అది ఆర్మ్ మీద ఉన్న చోటు చుట్టూ గీత గీయండి.

5. స్ట్రట్ బయటికి వచ్చాక స్ప్రింగుకి కంప్రెసర్ రెండు వైపులా ఎదురెదురుగా తగిలించి, అటు కొంచెం ఇటు కొంచెం బిగించండి. స్ప్రింగు సీటు మీద వదులుగా ఆడే దాకా పైనట్టు ముట్టుకోవద్దు. ఆ నట్టుకి ఇంపాక్ట్ గన్ వాడటం ఇక్కడి పెద్ద పొరపాటు. రాడ్ గిరగిరా తిరిగి సీలు చెడుతుంది, అడ్జస్టబుల్ రకమైతే లోపలి సూది విరుగుతుంది.

6. కొత్త స్ప్రింగు చివర సీటులోని అడ్డుకి ఆనిందా లేదా వేలితో తడిమి చూడండి. అర అంగుళం ఖాళీ ఉన్నా స్టీరింగ్ తిప్పినప్పుడు "టంగ్" మంటుంది.

7. తిరిగి ఎక్కించేటప్పుడు స్ట్రట్ నకిల్‌లో చివరిదాకా దిగాలి. పించ్ బోల్టు, పైబోల్టుల టార్క్ మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసి, డిగ్రీలతో సహా పాటించండి. చక్రం బోల్టులకి 120 న్యూటన్ మీటర్లు.

వెనక వైపు, బుష్‌ల సంగతి

లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి కాస్త మోయించండి. షాకబ్జార్బర్ కింది బోల్టు, లింక్ రాడ్, ఆర్మ్ బయటి బోల్టు తీసి, జాకీని అంగుళం అంగుళం దించండి. స్ప్రింగులో ఇంకా బలం మిగిలే ఉంటుంది, మొహం అటు పెట్టొద్దు. పైన, కింద ఉన్న రబ్బరు సీట్లు ఏ దిక్కుకి ఉన్నాయో ఫొటో తీసుకోండి. అలైన్‌మెంట్ కోసం ఉండే ఎక్సెంట్రిక్ బోల్టులని విప్పాల్సి వస్తే ముందు పెయింటు గుర్తు పెట్టండి.

ఇక్కడ చాలామంది తప్పే ఒక అడుగు ఉంది. ఆర్మ్ బుష్‌లు రబ్బరుని లోహానికి అతికించినవి. అవి తిరగవు, మెలిపడతాయి. చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, కారు నేల మీదికి రాగానే బుష్ మెలిపడి అలాగే ఉండిపోతుంది. కారు 8–10 మి.మీ. ఎక్కువ ఎత్తులో నిలబడుతుంది, స్ప్రింగు సరిగా దిగలేదని మీరు అనుకుంటారు, ఆరు నెలల్లో బుష్ చిరుగుతుంది. సరైన పద్ధతి: మొదట్లో రాసుకున్న హబ్–ఫెండర్ కొలత తీయండి. 25 దించుతున్నారనుకుంటే అందులోంచి 25 తీసెయ్యండి. జాకీతో నకిల్‌ని లేపి ఆ కొలత దగ్గర ఆపి, అప్పుడు బోల్టులు టార్క్ చెయ్యండి. స్టాండ్ల మీద కారు లేస్తోందేమో గమనిస్తూ చెయ్యాలి. దించిన కారులో ముందు లోయర్ ఆర్మ్ లోపలి బోల్టులని కూడా ఇదే విధంగా ఒకసారి వదులు చేసి, కొత్త ఎత్తు దగ్గర బిగించాలి.

అలైన్‌మెంట్

50–100 కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కుదురుకున్నాక, మళ్లీ ఎత్తు కొలిచి, అప్పుడు అలైన్‌మెంట్‌కి వెళ్లండి. అలైన్‌మెంట్ చేయించి ఎత్తు మార్చితే ఆ డబ్బు పోయినట్టే.

అందం కోసం దించిన కారుకి ముందు క్యాంబర్ −1 నుంచి −1.3 మధ్య, వెనక −1.5 దగ్గర, టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం) కంపెనీ హద్దుల్లో పెట్టించండి. ముందు క్యాంబర్‌కి విడిగా అడ్జస్ట్‌మెంట్ లేదు. సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లని మోసే చట్రం) జరిపి కుడి ఎడమలు సమం చెయ్యగలరంతే. వెనక ఎక్సెంట్రిక్ చివరిదాకా తిప్పినా క్యాంబర్ −2 కన్నా తగ్గకపోతే పొడవు మార్చుకునే ఆర్మ్‌లు కావాలి. టైరు లోపలి అంచు తినేస్తోందంటే అందరూ క్యాంబర్‌ని అంటారు. ఎక్కువసార్లు అసలు దొంగ టోనే. −1.5 క్యాంబర్‌తో టో సరిగ్గా ఉన్న టైరు నింపాదిగా అరుగుతుంది. టో చెడితే క్యాంబర్ ఎంతున్నా టైరుకి ఆయుష్షు లేదు.

ట్రాక్‌కి క్యాంబర్ ప్లేట్లతో (స్ట్రట్ పైభాగాన్ని లోపలికి జరపనిచ్చేవి) ముందు −2.5 నుంచి −3, టో సున్నా లేదా ఒక మి.మీ. బయటికి. వెనక −1.5 నుంచి −2, టో కాస్త లోపలికి. ట్రాక్ నుంచి రాగానే టైరు మీద మూడు చోట్ల సూది థర్మామీటర్ గుచ్చి చూడండి. లోపలి వైపు బయటికన్నా 5–10 డిగ్రీలు ఎక్కువ వేడి ఉంటే క్యాంబర్ సరిపోయింది. బయటి వైపే వేడిగా ఉంటే ఇంకా కావాలి.

కాయిలోవర్ వేసినవాళ్లు నాలుగు తూకాల మీద కార్నర్ వెయిట్ (ఒక్కో చక్రం మీద పడే బరువు) చూసుకోవచ్చు. డ్రైవర్ సీట్లో మీ బరువంత సంచులు పెట్టి, యాంటీ రోల్ బార్ లింకులు విప్పి తూచాలి. ఐమూలగా ఉన్న రెండు చక్రాల బరువు కలిపితే మొత్తంలో 50 శాతానికి అర శాతం అటూ ఇటూగా రావాలి. ముందు వెనకల బరువు పంపిణీని అడ్జస్టర్లు మార్చలేవు, కాబట్టి దానికోసం తంటాలు పడకండి. అందం కోసం దించిన కారుకి ఈ తతంగం ఏదీ అక్కర్లేదు.

హెడ్‌లైట్ల మాట మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఆటో లెవెలింగ్ ఉన్న లైట్లకి సస్పెన్షన్ ఆర్మ్ మీద సెన్సర్ ఉంటుంది. కారు దిగితే, డిక్కీలో బరువుందో లేదో దానికి తెలియక లైటుని వంచేస్తుంది. వీసీడీఎస్‌తోనో ఓబీడీ ఎలెవెన్‌తోనో (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరాలు) కొత్త ఎత్తులో బేసిక్ సెట్టింగ్ చేయించి, ఆ తర్వాత గోడ మీద లైటు గీత చూసుకోండి. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌కీ అప్పుడే సున్నా పెట్టించండి, లేకపోతే ఈఎస్‌సీ (కారు జారకుండా చూసే వ్యవస్థ) లైటు వెలుగుతుంది.

చప్పుళ్లు ఏం చెప్తాయి

స్టీరింగ్ తిప్పుతుంటే "టంగ్": స్ప్రింగు సీటులో కూర్చోలేదు, లేదా టాప్ బేరింగ్ తలకిందులుగా పడింది. చిన్న గతుకుల మీద "టకటక": లింక్ రాడ్ పొడవు కొత్త ఎత్తుకి సరిపోక ఎక్కడో తాకుతోంది, లేదా దాని నట్టు వదులు. పెద్ద గతుకులో "ధడ్": బంప్ స్టాపర్ దాకా పోయింది. పూర్తిగా స్టీరింగ్ తిప్పి ర్యాంపు ఎక్కేటప్పుడు బర్రుమంటే టైరు లోపలి లైనర్‌కి రాస్తోంది. లైనర్ మీద నల్లటి మెరుపు కనిపిస్తుంది, అక్కడ స్క్రూ తల ఉంటే టైరుని కోస్తుంది. చక్రం వేలాడదీసినప్పుడు స్ప్రింగు చేత్తో తిరిగేంత వదులుగా ఉంటే హెల్పర్ స్ప్రింగు (ఆ వదులుని నింపే చిన్న స్ప్రింగు) కావాలి.

500 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ గుర్తు చూసి సరిచూడండి. బిగించినప్పుడే పెయింటు గీత పెట్టి ఉంటే ఇది పావుగంట పని. డిగ్రీల బోల్టులని మళ్లీ టార్క్ చెయ్యకూడదు, గీత కదిలితే కొత్త బోల్టే. కాయిలోవర్ మరలని వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నైలాన్ బ్రష్‌తో రుద్ది, కడిగి ఆరబెట్టి, సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు పూస్తే ఇసుక పట్టి ఇసుక కాగితంలా తయారవుతుంది. రెండు వానాకాలాలు పట్టించుకోకపోతే అడ్జస్టర్ కదలదు, అప్పుడు ఎత్తు మీ చేతిలో ఉండదు.